సత్యానందం మోకాళ్ళు

నరసన్నపేట దగ్గర మా ఊళ్ళో విమానం సత్యానందం అంటే తెలియనివాళ్ళు లేరు. గల్ఫ్‌లో ఎయిర్‌పోర్టు పని. ఎయిర్‌బస్ కంపెనీ విమానాల్లో అన్నిటికంటే ఖరీదైన ఏ-త్రీ-ఎయిటీని లోపల శుభ్రం చేస్తాడు. ఒక్కోటి దాదాపు మూడు వేల కోట్లని పేపర్లో చూసి చర్చిలో చెప్పింది నేనే. ఆనాటి నుంచి మా సంఘ పెద్ద జగన్నాధానికి నోరు ఊరుకోలేదు. ఆదివారం వస్తే చాలు, ఆ రెండంతస్తుల విమానం గొప్పలే. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. దాన్ని చూసినవాడు ఒక్కడూ లేకపోయినా మేమందరం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం.

2018 క్రిస్మస్‌కి సత్యానందం సెలవు మీద వచ్చాడు. హైవే దగ్గర బస్సు దిగితే నా బండి మీద తీసుకొచ్చాను. బండెక్కడానికి కాలిని చేత్తో ఎత్తుకున్నాడు. ప్రయాణం బడలిక అనుకున్నాను.

సాయంత్రం అరుగు మీద కూర్చుంటే ఊరంతా చుట్టూ చేరింది.

"ఏటి సెప్పమంటారు?" అన్నాడు నీరసంగా. "మేడ మీద తానాలగది కూడా ఉంటాది. ఒక్క నీటి మరక ఉన్నా ఒప్పుకోరు. సీట్ల కింద అంటుకున్నదంతా మోకాళ్ళ మీద పాకి గీకాల."

"గాల్లో ఎలాగుంటాది మావా?" అన్నారెవరో.

"నాకేటి తెలుసు? అది ఎగరకముందే మమ్మల్ని దించెత్తారు. నాను వచ్చింది సిన్న ఇమానం మీద."

అందరూ లేచి వెళ్ళిపోయాక నాతో మెల్లగా అన్నాడు. "బావా, నాను మరి ఎల్లలేను."

"రూబీకి సెప్పావా?"

"ఎలాగ సెప్తాను? నా పెళ్ళాం ఆ ఇమానం పేరు సెప్పుకునే ఊళ్ళో తలెత్తుకు తిరగతంది."

నాకు ఒళ్ళు మండింది. అతని మీద కాదు, ఆ పేపరు చదివిన నా మీద.

మా సంఘంలో ఎవరు దూరం వెళ్తున్నా, ముందు ఆదివారం ఆరాధన చివర ముందుకు పిలుస్తారు. వెళ్ళేవాడు మోకాళ్ళూనాలి. పెద్దలు తల మీద చేతులుంచి ప్రార్థిస్తారు. అది కాకుండా ఊరు దాటినవాళ్ళు లేరు. ఒకప్పుడు ఉపవాస ప్రార్థనల్లో మేమంతా లేచి కూర్చున్నా, సత్యానందం ఇంకా మోకాళ్ళ మీదే ఉండేవాడు.

సెలవు అయిపోయే ముందు ఆదివారం పాస్టరుగారు పిలిస్తే సత్యానందం వెళ్ళాడు. వెళ్ళి నిలబడిపోయాడు.

"మోకరించు నాయనా."

కదల్లేదు. జగన్నాధం లేచాడు. "ఏటిరా, మూడు వేల కోట్ల ఇమానం తుడిసేసరికి దేవుడి ముందు మోకాళ్ళు వంగట్లేదేటి?"

కొందరు నవ్వారు కూడా. సత్యానందం బల్ల పట్టుకుని వంగబోయాడు. సగంలో కెవ్వుమని పక్కకి పడిపోయాడు. నేను పరిగెత్తి పట్టుకున్నాను.

"గీర కాదు పెద్దయ్యా," అన్నాడు, కళ్ళనీళ్ళతో. "ఇన్నేళ్ళూ దాని ముందే మోకరించాను. ఇక్కడికొచ్చేసరికి అరిగిపోయాయి."

ఆడవాళ్ళ వైపు నుంచి రూబీ లేచి వచ్చింది. అతని పక్కన నేల మీద కూలబడి, పంచె పైకి తీసి, వాచిన మోకాళ్ళు చూసింది. వచ్చి నెలైనా అవి ఆవిడ కంటపడనివ్వలేదట.

"నాకు సెప్పకపోతే ఇంకెవరికి సెప్తావయ్యా?" అంది. తర్వాత తలెత్తింది. "అయ్యగారూ, పయానం పార్తన ఒద్దండి. ఇంటికాడ ఉండిపోడానికి సెయ్యండి."

అలాంటి ప్రార్థన మా చర్చిలో అదివరకు ఎవరూ చెయ్యలేదు. పాస్టరుగారు బైబిలు మూసి పక్కన పెట్టారు. తర్వాత ఆయనా నేల మీదే కూర్చున్నారు. మేమూ కూర్చున్నాం. జగన్నాధం అందరికంటే ఆఖరున వచ్చాడు. ఆ ముసలి చేతులు అతని తల మీద కాదు, మోకాళ్ళ మీద ఉంచాడు.