ట్రేడు గడిలో మాస్టారు రాసిన పేరు

మా మాస్టారు పోయిన నెల ఆస్పత్రిలో కన్నుమూశారు. కబురు వినగానే నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆరేళ్ళుగా ఆయన్ని ఒక్కటే మాట అడుగుతున్నాను. జవాబు చెప్పకుండానే వెళ్ళిపోయారు.

ఇక్కడ అమెరికాలో, బెంటన్‌విల్లో, మన తెలుగువాళ్ళ ఆదివారం బాస్కెట్‌బాల్ లీగులో మా టీముకి అప్పట్లో మా అల్లుడే దిక్కు. దూరం నుంచి పది వేస్తే ఏడు పడేవి. అలాంటివాణ్ణి ఆరేళ్ళ కిందట మా టీము కట్టే మాస్టారు అవతలి టీముకి ట్రేడ్ చేసేశారు. బదులుగా తెచ్చుకున్నది డ్రాఫ్టులో ఆఖరి వంతు. ఆ వంతులో పిలుచుకున్నది, బంతి కొడితే తన కాలికే తగిలే ఒక పొట్టి మనిషిని. అల్లుడు నవ్వి ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు. స్కోరు బోర్డు తిప్పేది నేనే కాబట్టి ఆయన పక్కనే కూర్చోవాలి. కూర్చున్నాను గాని, ఏడాదిపాటు ఆయన ఫ్లాస్కులో టీ ముట్టలేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. ఇక్కడివి ఎక్కువగా కాంట్రాక్టు ఉద్యోగాలు. వేసవి వచ్చేసరికి ప్రతి టీములో ఇద్దరో ముగ్గురో డాలస్‌కో ప్లెయిన్స్‌బరోకో వెళ్ళిపోతారు. టీము మళ్ళీ కట్టుకోవాలి. కొత్తగా పేరిచ్చినవాళ్ళని వంతులవారీగా పిలుచుకోవడం డ్రాఫ్టు. ఉన్నవాళ్ళని మార్చుకోవడం ట్రేడు. టీముకి ఎనిమిది మందే. తొమ్మిదోవాడికి చోటుండదు.

మా మాస్టారు ఖమ్మం వైపు బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేశారు. నేను లారీ తోలినవాణ్ణి. ఇద్దరం ఇక్కడ కూతుళ్ళ దగ్గరే. వేసవిలో ప్రతి శనివారం నన్ను ఇండియన్ స్టోరుకి తీసుకెళ్ళేవారు. కొనేది ఒక కొత్తిమీర కట్ట. గంటసేపు పెరుగు డబ్బాల దగ్గర నిలబడేవారు.

"పెద్దాయనా, చిన్న డబ్బా తీసుకునేవాణ్ణి చూడు. వాడికి ఇంట్లో ఎవరూ లేరు" అనేవారు.

అలాంటివాణ్ణి ఆపి ముందు ఊరు అడిగేవారు, తర్వాత బూటు సైజు. ఎత్తు అడగరేం అంటే, కనపడుతూనే ఉంది గదా అనేవారు. వాణ్ణి ఇంటికి పిలిచి, అమ్మగారి చేత ఉప్మా పెట్టించి, లీగు కాగితం మీద సంతకం చేయించేవారు.

ఆయనకో పొడుగాటి నోటుబుక్కు ఉండేది. అందులో గళ్ళు గీసి పెన్సిల్‌తో టీము కట్టేవారు. ఎవరి పేరైనా చెరిపే ముందు వాడికి తప్పకుండా ఫోన్ చేసేవారు. మా అల్లుడికీ చేశారట. నాకు చెయ్యలేదు. ఎందుకు పంపేశారని అడిగినప్పుడల్లా "టీము కట్టడం అయ్యాక చెప్తాను" అనేవారు. మా టీము కట్టడం ఏ ఏడూ పూర్తి కాలేదు.

కర్మ అయ్యాక అమ్మగారు ఆ బుక్కు నా చేతిలో పెట్టారు. నా చదువు అయిదో తరగతి. కూడబలుక్కుని చదివాను. చివరి పేజీ ఈ వేసవిది. వచ్చేవాళ్ళ గడిలో ఒకే పేరు. స్టోరులో నేనూ చూసిన మనిషి, నలభై దాటినవాడు, బంతి పట్టుకుని ఇరవై ఏళ్ళయిందన్నాడు. ట్రేడు గడిలోనూ ఒకే పేరు, మా కెప్టెన్‌ది. ఆరేళ్ళ కిందటి ఆ పొట్టి మనిషే ఇప్పుడు మా కెప్టెన్. అతనిలా బంతి అందించేవాడు లీగులోనే లేడు. కింద మాస్టారి రాత: "బాగా ఆడేవాణ్ణి ఎవరైనా తీసుకుంటారు. ఆడలేనివాణ్ణి పంపిస్తే ఇంట్లో కూర్చుంటాడు."

వెనక్కి తిప్పాను. ఆరేళ్ళ కిందటి పేజీలో మా అల్లుడి పేరు పక్కన రెండే మాటలు: "కళ్ళకద్దుకుంటారు వీణ్ణి."

అల్లుడికి చూపించాను. "నాకు అప్పుడే చెప్పారు మావయ్యా. మీరు వినే మూడ్‌లో లేరు" అన్నాడు.

కెప్టెన్‌కీ చూపించాను. మాస్టారు హాస్పిటల్లో టైంపాస్‌కి రాసుకుని ఉంటారన్నాడు. ఈసారి ఆరడుగుల షూటర్ దొరికాడు, ఈ వేసవి మనవాళ్ళెవరూ ఊరు వదల్లేదు, ఒకణ్ణి ట్రేడ్ చేసైనా అతన్ని తెచ్చుకుందాం, కప్పు కొట్టి మాస్టారికి డెడికేట్ చేద్దామన్నాడు. ఆయన ఏనాడైనా కప్పు అడిగారా అన్నాను. అప్పుడు గొంతు తగ్గించి అడిగాడు.

"అంకుల్, మాస్టారు నన్ను వదిలేద్దామనుకున్నారా?"

ఆరేళ్ళు అల్లుడి తరఫున నేను మోసిన ప్రశ్న అదే. ఆ రోజు బుక్కు చంకన పెట్టుకుని ఇంటికొచ్చేశాను. అందుకే మన సంఘం పత్రికలో, అందరి ముందూ రాస్తున్నాను.

కెప్టెన్, నీకు చోటివ్వడానికి మాస్టారు మా అల్లుణ్ణి పంపారు. నేను ఆయన్ని తిట్టుకున్నాను, నాదే తప్పు. ఇప్పుడు నిన్ను పంపమని రాశారు. షూటర్ని ఏ టీమైనా తీసుకుంటుంది. ఆ కొత్తాయన్ని మనం పిలవకపోతే పిలిచేవాడు లేడు. నీ పేరు చెరిపే ముందు మాస్టారు నీకు ఫోన్ చేసేవారు, ఆస్పత్రిలో ఒంట్లో చేతకాక చెయ్యలేదు. ఈ నాలుగు ముక్కలూ ఆ ఫోనే అనుకో.

డ్రాఫ్టు వచ్చే ఆదివారం. శనివారం సాయంత్రం ఆరు దాకా నేను జిమ్ములో స్కోరు బల్ల దగ్గర కూర్చుంటాను. బుక్కు అదే పేజీకి తెరిచి ఉంటుంది, పక్కన పెన్సిలు, రబ్బరు, ఆయన ఫ్లాస్కులో టీ. పేరు చెరపాలో ఉంచాలో ఆ లోపు వచ్చి నువ్వే చెప్పు.