వదిలేసిన నాలుగు రీడింగులు

బర్నబీ కొండ మీది యూనివర్సిటీలో మాస్టర్స్ చేసిన రెండేళ్లలో నాకు బాగా గుర్తున్నది పొగమంచే. బస్సు కొండెక్కేసరికి కింద ఊరూ కనపడేది కాదు, పైన భవనాలూ కనపడేవి కావు. ఆ తడి చలిలో, బేస్‌మెంట్‌లో, నాకన్నా వయసులో పెద్దదైన ఒక మాస్ స్పెక్ట్రోమీటర్‌తో నా కాపురం. మన పిల్లలు కుప్పలుగా కెనడా వస్తున్న రోజులవి. కెఫెటేరియాలో ఏ మూల కూర్చున్నా తెలుగు వినపడేది. అయినా నాకు మనిషంటూ ఉన్నది ఒక్క అక్క. హనుమకొండ ఆవిడ, నాకన్నా ఒక ఏడాది సీనియర్. పై అంతస్తులో ఆవిడ కొత్త పదార్థాలు తయారుచేసేది, కింద నేను వాటి అణువుల బరువు కొలిచేవాణ్ణి.

మా మెషిన్ చెప్పే బరువును పూర్ణాంకం వరకే నమ్మాలి. ఒక ఆక్సిజన్ బరువు పదహారు. ఒక కార్బన్, నాలుగు హైడ్రోజన్లు కలిపినా పదహారే. తేడా అంతా దశాంశం తర్వాత ఉంటుంది, అది ఆ ముసలిదాని కంటికి ఆనదు. దాని చేత ఆ తేడా కూడా చెప్పించాలన్నదే ప్రొఫెసర్ నాకిచ్చిన పని. బరువు కచ్చితంగా తెలిసిన పదార్థాన్ని శాంపిల్‌తో కలిపి పంపాలి, దాన్నిబట్టి స్కేలు సరిచేసుకోవాలి, మళ్లీ మళ్లీ కొలిచి సగటు తీయాలి. ఓపిక ఉంటే పనిచేసే పద్ధతే.

అక్క థీసిస్ మొత్తం ఒక ఆక్సిజన్ మీద ఆధారపడి ఉంది. తన పదార్థంలో పెరిగిన పదహారు బరువు ఆ ఆక్సిజన్‌దేనని తేలితే ఆగస్టుకల్లా డిగ్రీ. తేలకపోతే ఫండింగూ అయిపోతుంది, స్టడీ పర్మిటూ అయిపోతుంది. వాంకూవర్‌లో ఉన్న మంచి మెషిన్‌కు రెండు నెలల క్యూ. అక్కడికి చిటికెడు పంపి, ఈలోగా నా దగ్గరికి తెచ్చింది.

పన్నెండుసార్లు కొలిచాను. సగటు అటూ ఇటూ కాకుండా పడింది, కాస్త ఆక్సిజన్ లేదనే వైపుకే. ఆ వైపు నాలుగు రీడింగులు మరీ దూరంగా ఉన్నాయి. ఉందనే వైపూ ఒకటి రెండు అంత దూరంలోనే ఉన్నాయి, వాటి జోలికి పోలేదు. ఆ నాలుగూ తీసేస్తే అక్కకు కావలసిన అంకె చక్కగా వచ్చింది.

తప్పు చేస్తున్నానని అప్పుడు అనిపించనే లేదు. ఇప్పటికీ నా మీద నాకు ఒళ్లు మండేది అందుకే. గుంటూరులో డిగ్రీ ప్రాక్టికల్స్‌లో మేం చేసిందంతా ఇదే. రావలసిన ఆన్సర్ సీనియర్ల రికార్డులో చూసుకోవడం, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కగట్టి రీడింగులు రాసేయడం. బ్యూరెట్ ముట్టుకోనివాడికి కూడా ఫుల్ మార్కులు పడేవి. దాన్ని మోసమని ఎవరూ అనలేదు, తెలివి అన్నారు.

అంకె చూపిస్తే అక్క వెంటనే సంతోషపడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

“తమ్మీ, వేరే టెస్టు గ్రాఫుల ఒక పీక్ నాకు సక్కగ అనిపిస్తలేదు. నువ్వైతే అన్ని రీడింగులు తీస్కున్నవ్ గదా?”

“అన్నీ తీసుకున్నానక్కా.”

“ఏం వదిలెయ్యలే?”

“లేదక్కా.”

అప్పుడు నవ్వింది. “మస్తు భయపడ్డ” అంది. సిగ్గు లేకుండా నాకు గర్వంగా కూడా అనిపించింది.

ఆ ధైర్యంతో మిగిలిన పదార్థమంతా తర్వాతి రియాక్షన్లలో వాడేసింది. రెండు నెలలు ఒక్కటీ కలిసిరాలేదు. జులైలో వాంకూవర్ నుంచి రిజల్ట్ వచ్చింది. ఆక్సిజన్ లేదు.

ప్రొఫెసర్ మెషిన్‌ను తిట్టాడు. అక్క మాత్రం ఆ రోజు నన్ను తన రూముకు అన్నానికి పిలిచింది.

“నీ తప్పేం లేదు తమ్మీ. నువ్వు అన్ని తీసినవ్. నా అనుమానం నేనే పట్టుకోని ఉండాల్సింది.”

చెప్పేద్దామని నోరు తెరిచాను. “పెరుగు ఏస్కో” అంది. వేసుకున్నాను.

డిగ్రీ లేకుండానే, పర్మిట్ నిలుపుకోవడం కోసం, దేశానికి అటువైపున్న సార్నియా అనే చిన్న ఊళ్లో ఒక కాలేజీ డిప్లొమాలో చేరింది. బస్సులు సరిగ్గా లేని ఆ ఊళ్లో మంచులో నడిచి క్లాసులకు వెళ్తున్నానని మెసేజ్ పెట్టేది. నాకు మాత్రం టైముకే డిగ్రీ వచ్చింది. అక్క శాంపిల్ గురించి నా థీసిస్‌లో ఒకే వాక్యం ఉంది, తప్పు పరికరానిదని.

తర్వాత ఒక చలికాలం సార్నియా నుంచి ఒక ల్యాబ్ మేనేజర్ ఫోన్ చేశాడు. అక్క రెఫరెన్స్‌గా నా పేరిచ్చిందట. ఆవిడ రాసిన అంకెలు నమ్మొచ్చా అని అడిగాడు. కళ్లు మూసుకుని నమ్మొచ్చన్నాను. అది నిజం.

వారం తిరక్కుండా అక్క కాల్ చేసింది.

“జాబ్ వచ్చింది తమ్మీ! నీ మాట మీదనే తీస్కున్నరట. నువ్వు చెప్తె ఎవరు నమ్మరు?”

కంగ్రాట్స్ అక్కా, అన్నాను.