చదవకుండా దాటేసిన మూడు లైన్లు

మొన్న సాయంత్రం వాన వెలిశాక బెంగళూరు కుందలహళ్ళిలో ఒక ఇనప సామాన్ల కొట్టుకు వెళ్లి కొబ్బరితాడు అడిగాను. కొట్టాయన బయట తడిసిన చుట్ట విప్పి మూరలేస్తుంటే తడి పీచు వాసన గుప్పుమంది. బట్టలారేసుకోవడానికా అని అడిగాడు. కాదన్నాను. మరెందుకో చెప్పాలంటే రత్నక్క గురించి చెప్పాలి. అది కొట్టు ముందు నిలబడి చెప్పే సంగతి కాదు.

తొంభైల చివర్లో ఇంగ్లీషు ఎమ్మే పట్టా పట్టుకుని ఒంగోలు నుంచి బెంగళూరు వచ్చాను. ఉద్యోగం రత్నక్క దగ్గర దొరికింది. ఆవిడది కోలారు వైపు సరిహద్దు పల్లె. బడిలో పంతులమ్మ పని మానేసి, పల్లెల్లో జనం తమ కష్టాల మీద తామే పరిశోధన చేసుకునేందుకు తోడ్పడే చిన్న సంస్థ పెట్టింది. రెండు గదులు, ఒక కంప్యూటరు, దాని ముందు నేను. నిధులిచ్చే సంస్థలకు ఇంగ్లీషులో అర్జీలు రాయడం నా పని. రత్నక్కకు కోపం ముక్కు మీదే ఉండేది. నన్ను తిట్టని రోజు లేదు, తన డబ్బాలోని రాగిముద్దలో సగం నాకు పెట్టని రోజూ లేదు.

ఆవిడకు ఒక పట్టింపు ఉండేది. ఏ అర్జీ అయినా పోస్టు చేసేముందు ఆ ఊరికి తీసుకెళ్లి, అందరి ముందూ లైను లైనూ తెలుగులో చదివి వినిపించాలి. వాళ్లు సరేనంటేనే కవరు అంటించాలి. గడువు నెత్తిమీదికొస్తుంటే బస్సులు మారి అంతదూరం పోయి ఈ పారాయణమేమిటని నేను లోలోపల విసుక్కునేదాన్ని. ఎలాగూ పంపేది ఇంగ్లీషులోనే కదా.

ఒకసారి గుట్టకిందపల్లి అనే ఊరి కోసం రాయాల్సి వచ్చింది. ఊరి పక్కన నీలగిరి తోపు వేశాక బావుల్లో నీళ్లు దిగిపోతున్నాయని అక్కడి ఆడవాళ్ల అనుమానం. పశువులు మేసే గోమాళంలో కూడా నీలగిరే నాటాలని ప్రభుత్వం వాళ్లు ఏర్పాట్లు చేస్తున్నారు. తోపు పక్క బావినీ, దూరంగా ఉన్న ఇంకో బావినీ ఏడాదంతా కొలిచి తేడా చూపిస్తే గోమాళం దక్కుతుంది, లేకపోతే అదీ పోతుంది. ఆ పనికి నిధులు కావాలి. మా ఆఫీసు నిలవడం కూడా ఆ నిధుల మీదే ఆధారపడి ఉంది.

నేను ఒళ్లు దగ్గర పెట్టుకునే రాశాను. ఇచ్చేవాళ్ల మనసు కరగాలి కదా అని మధ్యలో మూడు లైన్లు చేర్చాను. ఈ స్త్రీలు నిరక్షరాస్యులు, నీటి గురించి వీరికి ఏ అవగాహనా లేదు, మేము వెళ్లి నేర్పితే తప్ప తమ సమస్య ఏమిటో కూడా తెలుసుకోలేరు అని. రత్నక్క ఆ వారమంతా జ్వరంతో పడుకుని ఉండటంతో అర్జీ చూడలేదు.

బడి వరండాలో పాతికమంది ఆడవాళ్ల ముందు చదువుతూ ఆ మూడు లైన్ల దగ్గరికొచ్చాను. గబుక్కున దాటేసి కిందికి పోయాను. ఎదురుగా కూర్చున్న మునెమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. సంతకం కూడా రాని ముసలావిడ. అప్పటిదాకా నా మాటలు వింటూ కాగితం మీద నా వేలునే చూస్తూ ఉంది.

"నడాన మూడు సాల్లు ఇడిసిపెట్టి పోయినావు పాపా. వాట్లో ఏముండాదో అదీ చదువు."

కాగితం మీది లైన్లు ఆమె కంటికి నాగటిచాళ్లు. తప్పిస్తుందేమోనని, జ్వరం తగ్గి నాతో వచ్చిన రత్నక్క వైపు చూశాను. ఆవిడ చూపు తిప్పుకోలేదు, చదవమని తలాడించింది. చదివాను.

ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మునెమ్మ లేచి ఇంటికి వెళ్లి కొబ్బరితాడు తెచ్చి నా ఒళ్లో పడేసింది. చివర రాయి కట్టి, మూరకో ముడి వేసిన తాడు, ఇంకా తడిగానే ఉంది. నీళ్లు ఏ నెలలో ఏ ముడి దగ్గరుండాలో, ఏ ముడి దాటి దిగితే ఆ ఏడు పైరు పెట్టకూడదో వేళ్లతో ముట్టి చూపించింది. "నలభై ఏండ్లుగా ఆ బాయి చేదతా ఉండాను. నీల్ల సంగతి నాకు తెలీదని రాసినావా?" అంది. ఇప్పటికీ ఆ మాట రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

తిరుగు బస్సులో రత్నక్క పక్కన కూర్చుని నేనే ఉండబట్టలేక ఉద్యోగం మానేస్తానన్నాను.

"మానేసేదానికి తీరిక యాడుండాది? ముందు అర్జీ తిరగరాయి" అంది. కాసేపయ్యాక మళ్లీ తనే, "వాళ్ల ముందర చదవలేని మాట వాళ్లని గురించి రాసేది వద్దప్పా. అంతే" అంది.

తిరగరాశాను. ముఖ్య పరిశోధకులు అన్నచోట మునెమ్మ పేరు, అర్హత అన్నచోట నలభై ఏళ్లుగా బావి నీళ్లు కొలుస్తున్నారని రాసి, మళ్లీ ఊరికి పోయి చదివి, కింద ఆమె వేలిముద్ర వేయించాం.

నిధుల సంస్థ అధికారి మమ్మల్ని పిలిపించాడు. మర్యాదస్తుడు, కాఫీ తెప్పించాడు. అర్జీ బాగుందన్నాడు. ఒక్క మునెమ్మ పేరు తీసి ఎవరైనా ప్రొఫెసరు పేరు పెడితే వెంటనే మంజూరవుతుందట. మునెమ్మను సమాచారం ఇచ్చిన వాళ్లలో చూపించవచ్చట. నిజం చెప్పొద్దూ, నా మనసు ఊగింది. ఒక్క పేరు మారిస్తే ఆఫీసూ గోమాళమూ రెండూ నిలుస్తాయి. రత్నక్క కాఫీ సగంలో కింద పెట్టేసింది.

"ఆ ప్రొఫెసరు ఆ బాయిలోకి ఎన్నిసార్లు తాడు దించినాడు సార్?"

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. అర్జీ తీసుకుని లేచింది. మెట్లు దిగుతూ, తొందరపడ్డామేమో అక్కా అన్నాను. "తాడు దించేదానికి ఎవురి మంజూరు కావల్ల?" అని చరచరా బస్టాపు వైపు నడిచింది.

నిధులు లేకుండానే మొదలుపెట్టాం. ప్రతి అమావాస్య పొద్దున ఆడవాళ్లు రెండు బావుల్లోకీ రెండు తాళ్లు దించేవాళ్లు. నీళ్లు తగిలిన ముడికి ఒక ఎర్ర గుడ్డపీలిక కట్టేవాళ్లు. నేను పుస్తకంలో రాసుకుని అక్కడికక్కడే చదివి వినిపించేదాన్ని. ఏడాది తిరిగాక గ్రామసభలో ఆ రెండు తాళ్లనూ పక్కపక్కనే పరిచారు. దూరపు బావి తాడు మీద పీలికలు వానాకాలం రాగానే పైకొచ్చాయి. తోపు పక్క బావి తాడు మీద మాత్రం కిందికే దిగిపోయాయి. అది అర్థం చేసుకోవడానికి ఎవరికీ ఇంగ్లీషు అవసరం లేకపోయింది.

గోమాళంలో నీలగిరి నాటలేదు. తోపు పక్క బావి మాత్రం ఎండిపోయింది, మా ఆఫీసూ మూతపడింది. నేను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. రత్నక్క పోయి నాలుగేళ్లయింది. చివరిదాకా నన్ను తిడుతూనే ఉంది. అలా తిట్టేవాళ్లు ఇప్పుడెవరూ లేరు, అదే నాకు పెద్ద లోటు.

ఇప్పుడు బ్రూక్‌ఫీల్డ్‌లో మా కంపెనీ విరాళాల విభాగంలో పల్లెల కోసం వచ్చే అర్జీలు చదువుతున్నాను. అంటే బల్లకు అవతలి వైపు చేరానన్నమాట. చేరిన ఏడాదే దరఖాస్తు ఫారంలో ఒక ప్రశ్న కలిపాను: ఇది ఎవరి గురించి రాశారో వాళ్ల ముందు ఎప్పుడు చదివి వినిపించారు? దీనివల్ల ఆలస్యమవుతుందని పైవాళ్లు ఏటా కొట్టేస్తారు. నేను ఏటా మళ్లీ రాస్తాను. ఈ ఏడు కొట్టేసిన కాగితం మొన్న మధ్యాహ్నం తిరిగొచ్చింది. ఆ సాయంత్రమే వెళ్లి తాడు కొన్నాను.

మూరకో ముడి వేసి, నిన్న మీటింగులో బల్ల మధ్యన పెట్టాను. ఇదేమిటని డైరెక్టరు అడిగాడు. కూర్చోమని చెప్పి మొదటినుంచీ చెప్పాను, నేను రాసిన ఆ మూడు లైన్లతో సహా.