పొగాకు బ్యారన్‌లో పగటి బొమ్మలాట

ఆ వేసవిలో మా ఊరికి పట్నం నుంచి మనుషుల్ని రప్పించాలన్న పిచ్చి నాకు పట్టుకుంది. కారణం ఒక చెక్కపెట్టె. మా ఊరి తోలుబొమ్మల తాత, ఆయన భార్య ఆ పెట్టెడు బొమ్మలతో చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగినవాళ్ళు. వీడియోలు వచ్చాక వాళ్ళని పిలిచేవాళ్ళు లేకుండా పోయారు. మద్రాసు నుంచి ఒక వ్యాపారి వచ్చి, బొమ్మలన్నీ కొంటానని, వాటిని కత్తిరించి లైట్లకి డూములు చేయిస్తానని చెప్పాడు. నెల తర్వాత మళ్ళీ వస్తానన్నాడు.

"ఇవ్వకు తాతా. గుంటూరు నుంచి జనాన్ని తీసుకొస్తాను," అన్నాను.

"చూసేవాళ్ళుంటే నేనెందుకు అమ్ముకుంటాను బాబూ? ఒక్కసారి తీసుకురా. మళ్ళీ వస్తామని వాళ్ళంటే పెట్టె ఉంచుతా. లేదంటే ఇచ్చేస్తా."

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. తర్వాతి చదువంతా శాఖా గ్రంథాలయంలోనే జరిగింది. అది కాలేజీ చదువు కంటే తక్కువని నేనెన్నడూ ఒప్పుకోలేదు. ఊళ్ళో నా పేరే 'లైబ్రరీ' అయిపోయింది. ఎక్కడో కొండల్లోని పల్లెలకి పట్నంవాళ్ళు వచ్చి పంటలు చూసి, పాటలు విని, అక్కడే భోంచేసి వెళ్తారనీ, ఆ రాకపోకల వల్లే అక్కడి ఆటలు బతికున్నాయనీ ఆ గ్రంథాలయంలోనే ఒక పత్రికలో చదివాను. ఆ పేజీ మొత్తం నోటుపుస్తకంలో ఎత్తిరాసుకున్నాను. గుంటూరులో ఒక కాలేజీ లెక్చరర్లకి కార్డు మీద కార్డు రాశాను. చివరికి జవాబొచ్చింది. వ్యాపారి వచ్చే ముందు రోజు, ఆదివారం, పదిహేనుమంది వస్తారట. సాయంత్రం ఆరింటి బస్సుకి వెళ్ళిపోవాలట.

బొమ్మలాటకేమో చీకటి కావాలి. రెండు రోజులు నాకు కాలు ఒకచోట నిలవలేదు. చివరికి పొగాకుని వేడి మీద ఆరబెట్టే బ్యారన్ ఒకటి చేల మధ్య ఖాళీగా కనిపించింది. ఆ ఏటి ఆకు క్యూరింగ్ అయిపోయింది. ఎత్తైన నాలుగు గోడలు, ఒక్క కిటికీ లేదు, తలుపేస్తే మిట్టమధ్యాహ్నమైనా చిమ్మచీకటే.

తెల్లవార్లూ ఆడే కథని గంటన్నరకి కుదించాను. మధ్యలో వచ్చే హాస్యపు బొమ్మల్ని తీసేయమన్నాను. ఆ మోటు మాటలు లెక్చరర్ల ముందు ఏం బాగుంటాయి? చోటు చాలదని ఊరివాళ్ళని బయటే ఉండమన్నాను.

"మేం విసుర్లు వేసేది ఊళ్ళోవాళ్ళ మీదే కదా బాబూ?" అంది తాత భార్య.

"ఈసారికి వద్దమ్మా. వాళ్ళు చదువుకున్నవాళ్ళు."

"చదువుకుంటే నవ్వు రాదా?"

నేను తెర కట్టడంలో పడ్డాను.

లెక్చరర్లు కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకి తుమ్ముతూనే వచ్చారు. లోపల ఉక్క. తెర వెనక బల్బు వెలుగులో బొమ్మలు కదులుతున్నాయి, తాత గొంతు పద్యం చదివినట్టు సాగుతోంది. పావుగంటకే రుమాళ్ళతో విసురుకోవడం మొదలుపెట్టారు. ఒకాయన గడియారం చూసుకున్నాడు.

అంతలో గోడ అడుగున గాలి కోసం వదిలిన కన్నంలోంచి ఒక కేక.

"ఒరేయ్ లైబ్రరీ! మా ఊరి ఆట మాకే లేకుండా చేశావేంట్రా!"

"నోర్ముయ్‌రా!" అన్నాను, కన్నం దగ్గరికి వంగి.

తెర మీద, నేను వద్దన్న హాస్యపు బొమ్మ ఎగిరి దూకింది. తెర వెనక నుంచి తాత భార్య దానికి ముక్కుతో మాటలు పలుకుతోంది.

"ఎవరయ్యా ఆ కన్నంలో? పందికొక్కా, మనిషా?"

"మనిషినే! తలుపేశారు!"

"ఎవరేశారూ?"

"లైబ్రరీ!"

"ఓహో, ఆయనా! దేశదేశాల ఊళ్ళన్నీ పుస్తకంలో చూశాడు పాపం. సొంత ఊరు ఎదురొస్తే తలుపేసుకున్నాడు!"

పదిహేనుమందీ ఒక్కసారి గొల్లుమన్నారు. ఒక లెక్చరరమ్మ లేచి నిలబడింది. "వాళ్ళని కూడా రానివ్వండి."

"వెలుతురొస్తే బొమ్మలు కనిపించవండి."

"వాళ్ళొచ్చాక తలుపు మళ్ళీ వేద్దాం లెండి."

తలుపు తీశాను. జనం తోసుకుంటూ వచ్చి లెక్చరర్ల పక్కనే ఇరుక్కుని కూర్చున్నారు. తర్వాత తెర మీది బొమ్మ ఎవర్నీ వదల్లేదు. మా షావుకారు బొజ్జనీ, గడియారం చూసుకున్నాయన బట్టతలనీ ఒకే వరసలో ఆడిపోసుకుంది. అందరూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. నేను మాత్రం తలుపు దగ్గరే నిలబడ్డాను, సిగ్గొకవైపు, బస్సు టైమొకవైపు.

బయటికి వచ్చేసరికి బస్సు హారన్ వినిపిస్తోంది. "చాలా బాగుందండీ, మళ్ళీ వస్తాం, ఉత్తరం రాస్తాం," అంటూ రోడ్డు మీదికి పరుగెత్తారు.

తాత పెట్టె పక్కన నిలబడి ఉన్నాడు. "ఎప్పుడొస్తారంట?"

"ఉత్తరం రాస్తారట తాతా."

"ఆ మాట చాలామంది చెప్పారు. ఒక రోజు చెప్పమను."

పరుగెత్తాను. లెక్చరరమ్మ అప్పటికే ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టింది.

"మేడమ్, ఒక రోజు చెప్పండి. లేకపోతే రేపు ఆ బొమ్మల్ని కొనుక్కుపోతారు!"

"ఎక్కితే ఎక్కండి, మీటింగులు తర్వాత!" అని కండక్టరు అరుస్తున్నాడు.

ఆవిడ లోపలికి తిరిగి ఏదో అడిగింది. మళ్ళీ తల బయటపెట్టింది. "కాలేజీ తెరిచాక రెండో ఆదివారం! ఈసారి పడుకోవడానికి చోటు చూపిస్తే తెల్లవార్లూ చూస్తాం!"

బస్సు కదిలింది. నేను రొప్పుతూ వెనక్కొచ్చి అదే మాట తాతకి చెప్పాను. ఆయన మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాడు.

మర్నాడు వ్యాపారి వచ్చేసరికి తాత ఇంట్లో లేడు. ఆయన భార్య తెర ఉతికి దండెం మీద ఆరేస్తోందట. "అమ్మడానికేం లేవు నాయనా. మాకు ఆటుంది," అందట. ఆ సంగతి నాకు సాయంత్రం దాకా తెలియలేదు. పొద్దుటి నుంచీ నేను పదిహేనుమందికి మంచాలు అడుగుతూ వీధులు తిరుగుతున్నాను.