ఎర్రపువ్వు బిళ్ళల అంకుల్

పక్కింటి అంకుల్ పోయారని పొద్దున నేను కాఫీ కలుపుకుంటుండగా వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. నిద్రలోనే పోయారట. చనిపోయిన సైనికుల్ని తలచుకునే రిమెంబరెన్స్ డేకి ఇంకా రెండు వారాలే ఉంది. ఆ రోజు ఊళ్ళో జరిగే సభకు ఆయన్ని తీసుకెళ్తానని నేను అప్పటికే ఆఫీసులో లీవ్ పెట్టేశాను. ఏడుపుకంటే ముందు నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

ఆయన మన సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరయ్యారు. ఊరు ఒంగోలు దగ్గర. ఆంటీ పోయాక ఇక్కడికి, కెనడాలోని మిల్టన్‌లో ఉన్న కూతురి దగ్గరకు వచ్చారు. నాది వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి పగలంతా ఆ టౌన్‌హౌసుల వరసలో మనుషులమంటూ ఉన్నది ఆయనా నేనూ.

ఒకసారి నా చిల్లరలో పావు డాలర్ బిళ్ళ మీద ఎర్రరంగు చూసి, "ఇది ఎవరో పూజలో పెట్టిన బిళ్ళమ్మా, కుంకుమ కూడా పోలా. కొట్లో ఇవ్వమాక," అన్నారు. నేను నవ్వాపుకుని, అది కుంకుమ కాదు, యుద్ధాల్లో చనిపోయిన సైనికుల గుర్తుగా వేసిన గసగసాల పువ్వు అని చెప్పాను. ఆయన నవ్వలేదు. బిళ్ళను చొక్కా అంచుతో తుడిచి, "అయితే నేనన్నదే రైటు," అన్నారు. అప్పటినుంచి అలాంటివి దొరికితే దేవుడి అరలో పెట్టేవారు. సూపర్‌మార్కెట్లో సరుకుల బండి తీసుకోవడానికి దాని తాళంలో ఆ బిళ్ళ దూర్చిందని కూతురితో ఒక పూటంతా మాట్లాడలేదు.

ఆయన్ని ఇంట్లోనే కూర్చోబెట్టినందుకు కూతురిని తప్పుపట్టలేను. వచ్చిన మొదటి చలికాలమే ఆయన డ్రైవ్‌వే మీద మంచులో జారి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఇక ఒంటరిగా గడప దాటొద్దని ఆమె కట్టడి చేసింది. ఆర్డరంటే ఆర్డరేనని ఆయన కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నారు. ఏటా రిమెంబరెన్స్ డే నాడు, అంటే నవంబరు పదకొండున, ఈ ఊళ్ళో సైనికుల స్థూపం దగ్గర జనం చేరతారని తెలిశాక, వాళ్ళ మధ్య ఒక్కసారి నిలబడాలని ఆయన ఆశ. ఆ రోజు ఇక్కడ ఆఫీసులకు సెలవుండదు. తీసుకెళ్ళేవాళ్ళు లేక ఆయన టీవీలో ఆ కార్యక్రమం పెట్టుకుని హాల్లోనే అటెన్షన్‌లో నిలబడేవారు. పోయినేడు అది చూసి, టీవీలో చూస్తున్నారుగా అని నేనంటే, "టీవీలో వాళ్ళకి నేను కనపడనుగా అమ్మా," అన్నారు. ఆ మాట పట్టుకునే ఈసారి లీవ్ పెట్టాను.

ఆయన పోయినా ఆ లీవ్ క్యాన్సిల్ చేయలేదు. వాళ్ళమ్మాయీ లీవ్ పెట్టింది. నాన్న మెడల్స్ అరచేతిలో పట్టుకుని, స్థూపం దగ్గర జనంలో నా పక్కన నిలబడింది. అందరూ పాటించే రెండు నిమిషాల మౌనం అయ్యాక ముందు వరసలోని ముసలి సైనికుడొకాయన వెనక్కి తిరిగి వాటిని చూశాడు. చేతికర్రను ఎడమచేతికి మార్చుకుని, వీలైనంత నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు. బదులుగా ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. ఆ ముసలాయన చెయ్యి దించేదాకా ఆ మెడల్స్‌ని పైకెత్తి పట్టుకునే ఉంది.