మోటారు కాలిపోలేదు

నీళ్ళను పరీక్షించడమే నా ఉద్యోగం. ప్రభుత్వ ప్రయోగశాలలో ఏ బస్తీ నీళ్ళు తెచ్చి నా బల్ల మీద పెట్టినా వాటి గుట్టు బయటపెట్టేదాన్ని. నేను ఒక్కసారి కూడా పరీక్షించని నీళ్ళు మా చర్చివి. ఎందుకంటే వాటి మీద ప్రార్థన జరిగింది.

నవ్వుకుంటే నవ్వుకోండి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు వెనక సందులో ఉండేది మా చర్చి. బోరు వేసిన రోజు పాస్టరు అయ్యగారు మొదటి గ్లాసు పైకెత్తి ప్రార్థన చేశారు. రెండో గ్లాసు నేను తాగాను. గేటు బయట అందరికీ పనికొచ్చేలా కుళాయి పెట్టించింది మా ఆయన, వాళ్ళమ్మ జ్ఞాపకార్థం. ఆయన సంఘానికి కార్యదర్శి. సంఘంలో ఎక్కువమందిమి కోస్తా నుంచి వచ్చినవాళ్ళం. కుళాయి కింద బిందె పెట్టేవాళ్ళు నల్గొండ పల్లెల నుంచి వచ్చి ఆ సందులో కిరాయికి ఉండేవాళ్ళు. దాహానికి ప్రాంతం ఏమిటని మా ఆయన అంటుంటే నాకూ గర్వంగా ఉండేది.

తెలంగాణ ఉద్యమం ముదిరిన రోజులవి. సమ్మెతో బస్సులు డిపోలు దాటలేదు, ట్యాంకర్లు రావడం మానేశాయి. మా కుళాయి దగ్గర లైను పెరిగింది. ఆ లైనులో రోజూ ముందుండే ఇస్త్రీ బండి ఆవిడ ఉన్నట్టుండి కనిపించడం మానేసింది. కూతురు వాంతులు, విరేచనాలతో దవాఖానలో ఉందట. పక్కింట్లో ఇంకో ఇద్దరు పిల్లలకూ అదేనట. అప్పుడు గానీ నా బుర్ర పనిచేయలేదు.

శుక్రవారం మందు వేసిన చిన్న పరీక్ష సీసాలో కుళాయి నీళ్ళు పట్టి ఎల్బీనగర్‌లో మా ఇంటికి తెచ్చి వంటింట్లో పెట్టాను. మురుగు కలిసిన నీళ్ళయితే ఒకటి రెండు రోజుల్లో ఆ సీసా నల్లబడుతుంది. శనివారం సాయంత్రానికే కాటుకలా తయారైంది. క్రిస్మస్‌కి జనం వస్తారని కట్టించిన కొత్త మరుగుదొడ్ల గుంత బోరుకు ఎంత దగ్గరో అప్పుడు గుర్తొచ్చింది.

మా ఆయన సీసా చూసి కుర్చీలో కూలబడ్డారు. తర్వాత సంఘ పెద్దలకు ఫోన్లు చేసి, వెంటనే కుళాయికి తాళం వేయించారు.

"మోటారు కాలిపోయిందని చెబుదాం" అన్నారు. "అసలు సంగతి తెలిస్తే ఆంధ్రా చర్చివాళ్ళు మురుగు తాగించారంటారు. ఈ రోజుల్లో ఆ ఒక్క మాట చాలు, గేటు మీదికొచ్చేస్తారు."

"మరి ఇప్పటికే బిందెల్లో పట్టుకున్న నీళ్ళో? చెప్పకపోతే పిల్లలకి అవే పోస్తారు కదండీ."

"చెప్పావంటే మా అమ్మ పేరు బురదలో కలిపినట్టే."

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. "మీ అమ్మగారే ఉంటే నాకంటే ముందెళ్ళి చెప్పేవారు" అన్నాను.

ఆదివారం బంద్. ఆటోలు లేవు. సీసాను బైబిలు సంచిలో పెట్టుకుని కొత్తపేట మీదుగా నడిచాను. ఆయన నా వెనకే, కాస్త దూరంగా వచ్చారు. మా ఆరాధనలో సాక్ష్యాల సమయం ఉంటుంది. జ్వరం తగ్గిందనో, ఉద్యోగం వచ్చిందనో లేచి చెప్పి దేవుణ్ణి స్తుతిస్తారు. మోటారు కాలిపోయిందని అప్పటికే సంఘానికి చెప్పేశారు. ఆ రోజు సాక్ష్యానికి నేను లేచాను.

"మోటారు కాలిపోలేదు. మన మరుగుదొడ్డి మన బోరులో కలిసింది" అని సీసా పైకెత్తాను.

అయ్యగారు మెల్లగా, "అమ్మా, ఇది సాక్ష్యమా?" అన్నారు.

"ఇంతకంటే నిజమైన సాక్ష్యం ఇక్కడ నేనెప్పుడూ చెప్పలేదండీ."

"అవి ప్రార్థన చేసిన నీళ్ళు!" అని ఓ పెద్దమనిషి అరిచారు.

"గుంత కూడా ప్రార్థన చేసే తవ్వాం కదండీ" అన్నాను.

ఆ మాటకే నన్ను సండేస్కూల్లో పాఠాలు చెప్పే పని నుంచి తప్పించారు. క్షమాపణ చెబితే మళ్ళీ తీసుకుంటామని కబురు పంపారు. చెప్పలేదు, చెప్పను. ఆ గుంతను తర్వాత మా ఆయనే దగ్గరుండి పూడ్పించారు. కానీ నేను క్షమాపణ అడగాల్సింది ఆ రోజు గేటు బయట ఉన్నవాళ్ళని.

నేను బయటికి వచ్చేసరికి తాళం వేసిన కుళాయి ముందు ఖాళీ బిందెలతో జనం. "ఆంధ్రోళ్ళు మనకు నీళ్ళు బంద్ జేసిండ్రు" అని ఎవరో అంటున్నారు. ఇస్త్రీ బండి ఆవిడా ఉంది, దవాఖాన నుంచి అప్పుడే వచ్చినట్టుంది. సీసా చూపించి మొత్తం చెప్పాను. ఇంట్లో ఉన్న నీళ్ళు పారబోయండి, ఏ నీళ్ళయినా కాచి తాగండి అన్నాను. కొడతారనే అనుకున్నాను.

ఆవిడ సీసా చేతిలోకి తీసుకుని వెలుతురుకు తిప్పి చూసింది.

"నీ కొలువు నీళ్ళు జూసుడే గదా?"

"అవును."

"మరి గిన్నొద్దులు గీ నీళ్ళెందుకు జూడలే?"

"దేవుడి నీళ్ళు కదా అనుకున్నాను. తప్పు నాదే."

ఆవిడ తిట్టలేదు. సీసా నా చేతిలో పెట్టింది.

"మరి గా దేవుడు నీకు గింత సదువు ఎందుకిచ్చిండమ్మా?" అని, ఖాళీ బిందె చంకనేసుకుని వెళ్ళిపోయింది.