నాయనమ్మ అడిగిన మాట

నా చిన్నప్పుడు నాకు ప్రశ్నల జబ్బు ఉండేది. వేమూరు దగ్గర మా ఊళ్లో, మా వీధిలో ఎవరూ పురుగుమందు ఇంట్లో ఉంచుకునేవారు కాదు. ఒక ఏడు ఒకింట్లో మనిషి పురుగుమందు తాగి పోయాక, మా నాయనమ్మ ఇంటింటికీ తిరిగి, తిట్టి, బతిమాలి, డబ్బాలన్నీ మా కొట్టంలోని ఇనుప పెట్టెలోకి చేర్పించింది. తాళంచెవి ఆమె బొడ్లో ఉండేది. మందు కావాలంటే ఆమెనే అడగాలి. తాళం పగలగొడితే ఏం చేస్తావని నేను ప్రాణం తీసేదాన్ని. విసుక్కునేదే తప్ప జవాబు చెప్పేది కాదు.

ఆ మరుసటి ఏడు తుపానుకి పంట పోయింది. పక్కింటి బాబాయి మాటా పలుకూ మానేశాడు. ఒక మధ్యాహ్నం వచ్చి, "పెద్దమ్మా, తాళంచెవి ఓసారి ఇవ్వండి" అన్నాడు. నాయనమ్మ చేటలో మినుములు చెరుగుతోంది.

"పొలం ఇంకా నీళ్లలోనే ఉంది కదరా, మందు దేనికి కొడతావు?"

బాబాయి తల దించుకున్నాడు. ఆమె చేట పక్కన పెట్టి, "చచ్చిపోవాలనిపిస్తోందా నాయనా?" అంది.

నేను గుమ్మంలోంచి వింటున్నాను. ఎవరైనా అలా అడుగుతారా! బాబాయి అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె నీతులు చెప్పలేదు, తిట్టలేదు. పిన్నిని పిలిపించి, ఆమె వచ్చేదాకా అతని చెయ్యి వదల్లేదు. మర్నాడు ముగ్గురూ బస్సెక్కి తెనాలి డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆ తర్వాత చాలాసార్లు వెళ్లారు.

నేనూరుకుంటానా? "అలా అడిగితే లేని ఆలోచన పుట్టదా నాయనమ్మా?" అన్నాను.

"ఓసి పిచ్చిమొహమా! లేకపోతే 'ఏంటి పెద్దమ్మా ఆ మాటలు' అని కసిరేవాడు. ఉంది కాబట్టే ఏడ్చాడు. తాళం అంటావా, పగలగొట్టచ్చు. కానీ ఆ గడియ దాటితే మనిషి మళ్లీ మనిషవుతాడే" అంది.

బాబాయి మనవల్ని ఎత్తుకున్నాడు. ఇప్పుడు మా మనవరాలు ఆత్మహత్యలు ఆపే కార్యక్రమంలో పనిచేస్తోంది. అక్కడా ముందు నేర్పేది నేరుగా అడగడమేనట. విని ఎంత ఆశ్చర్యపోయానో! అది అందరి దగ్గరా పనిచేస్తుందా అంటే నాకు తెలియదు. నేను మాత్రం ఎవరైనా దిగులుగా కనిపిస్తే అడుగుతూనే ఉన్నాను. చాలామంది నవ్వేశారు, కొందరు కోప్పడ్డారు. మొన్న బాపట్ల బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి నవ్వలేదు. నా స్టాపు వచ్చింది, నేను దిగలేదు.